సాత్విక్ పక్కన చిరాగ్ ఉన్నాడు, మనోడి పక్కన ఎవరున్నారు?

పోస్టు కొంచెం పెద్దదే. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి. మేము చెప్పింది తప్పనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పండి.

మేము నలుగురం. ఇద్దరిది రంపచోడవరం వైపు, ఒకరిది మారేడుమిల్లి, ఇంకొకరిది చింతూరు. రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్నాం. కాలేజీ ప్రాజెక్టు పని మీద మొన్న వారం రోజులు ఆత్రేయపురంలో ఉన్నాం. పూతరేకులు చేసే ఇళ్లకు వెళ్లి ఎవరు ఏ పని చేస్తారు, రోజుకు ఎంత చేతికొస్తుంది అని రాసుకోవడం మా పని. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ గుర్తింపు వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. పగలంతా ఆ పని, సాయంత్రం ఖాళీ.

ఆ ఖాళీలో కాలవ గట్టు పక్కన కుర్రాళ్లు నెట్టు కట్టుకుని షటిల్ ఆడుతుంటే మేమూ వెళ్లాం. "ఆడతారా అన్నా?" అని పిలిచారు. మాలో ఇద్దరం దిగాం. మేము వాలీబాల్ ఆడే వాళ్లం, చేతిలో బలం ఉంది, పరిగెత్తడంలో తక్కువేం కాదు. అయినా 21-6తో ఓడిపోయాం. మమ్మల్ని ఓడించింది తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు! కాక్ మధ్యలో పడిన ప్రతిసారీ మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, లేదా ఇద్దరం ఒకేసారి దాని మీదికి పోయాం. వాళ్లు మాత్రం మాట్లాడుకోకుండానే ఒకడు ముందుకొస్తే ఇంకొకడు వెనక్కి పోతున్నాడు.

ఆట అయ్యాక వాళ్లలో ఒకడు "మీ ఊళ్లో షటిల్ ఆడరా అన్నా? మాది సాత్విక్ అన్న జిల్లా కదా" అన్నాడు. ఎగతాళి కాదు, గర్వంగానే అన్నాడు. అన్నమాట నిజమే. సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డిది అమలాపురం. ఆత్రేయపురం నుంచి రావులపాలెం వెళ్లి బస్సెక్కితే అమలాపురం ఎంతో దూరం కాదు.

ఆ రాత్రి రూములో మాలో మాకే గొడవైంది. ఒకడు ఫోన్లో సాత్విక్ స్మాష్ వీడియో పెట్టి, "చూడండ్రా, పక్క జిల్లా కుర్రాడు ప్రపంచ రికార్డు కొట్టాడు. మనోళ్లకి పట్టుదల లేదు, నిలకడ లేదు. అందుకే ఇలాగే ఉండిపోయాం" అన్నాడు. ఇంకొకడు ఒప్పుకోలేదు. తెల్లవారుజాము దాకా వాదించుకున్నాం. ఈ పోస్టు ఆ వాదనలోంచి వచ్చిందే.

మన గ్రూపులో కూడా ఆ వీడియో చాలామంది పెట్టారు. "టాలెంట్ ఉంటే ఎక్కడి నుంచైనా ఎదగొచ్చు" అని కింద రాశారు. మేము ఆ మాట దగ్గరే ఆగుతున్నాం. సాత్విక్ కథను మొదటి నుంచి చూస్తే ఆ మాటలో సగమే నిజం కనపడుతుంది.

ముందు ఆ రికార్డు సంగతి. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకాలో సాత్విక్ కొట్టిన స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు. గిన్నిస్ వాళ్లు నమోదు చేశారు. అంతకుముందు మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియోంగ్ పేరు మీద 2013 నుంచి 493 కిలోమీటర్ల రికార్డు ఉండేది. దాన్ని 70 దాటించి కొట్టాడు. గొప్ప విషయమే, ఎవరు కాదంటారు? కానీ అది కొలతల కోసం ఏర్పాటు చేసిన చోట ఒక్కడే కొట్టిన దెబ్బ. మ్యాచ్‌లో ఒక్క దెబ్బతో పని అయిపోదు. డబుల్స్‌లో వెనక నుంచి ఒకడు స్మాష్ కొడితే, అవతలివాళ్లు ఎలాగో తిప్పి పంపిన కాక్‌ని నెట్టు దగ్గర కాచుకుని ఉన్న రెండోవాడు కొట్టి పాయింట్ తెస్తాడు. రీల్‌లో స్మాష్ కొట్టినవాడే కనపడతాడు. ముందు కాచుకున్నవాడు కనపడడు.

ఆ రెండోవాడే చిరాగ్ శెట్టి. ముంబై కుర్రాడు. వీళ్లిద్దరినీ జత కట్టింది మలేషియా నుంచి వచ్చిన డబుల్స్ కోచ్ టాన్ కిమ్ హెర్. అప్పటికి ఇద్దరికీ అది ఇష్టం లేదు. ఇద్దరూ వెనక నుంచి గట్టిగా కొట్టేవాళ్లే, ఇద్దరికీ ముందు ఆడటం అలవాటు లేదు. పైగా ఇతనిది తెలుగు, అతనికి తెలుగు రాదు. ఇతనికి హిందీ అంతంతమాత్రం. మొదట్లో మాటలే సరిగా కలవలేదు. అలాంటి ఇద్దరిలో ఒకరు ముందు ఆడటం నేర్చుకుని, ఇద్దరూ చోట్లు మార్చుకోవడం నేర్చుకుని, ఇంతదాకా వచ్చారు.

ఎంతదాకా వచ్చారో ఒకసారి చూద్దాం. 2018 కామన్వెల్త్ క్రీడల్లో డబుల్స్ వెండి. 2019లో థాయ్‌లాండ్ ఓపెన్ టైటిల్. 2022 మేలో బ్యాంకాక్‌లో మన దేశం మొదటిసారి థామస్ కప్ గెలిచింది. ఫైనల్లో ఇండోనేషియాను 3-0తో ఓడించిన జట్టులో వీళ్ల డబుల్స్ విజయం ఒకటి. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో బంగారం, ప్రపంచ పోటీల్లో కంచు. 2023లో దుబాయ్‌లో ఆసియా చాంపియన్లు అయ్యారు. 1965లో దినేష్ ఖన్నా తర్వాత మనవాళ్లకు అక్కడ బంగారం రావడం అదే. ఆ జూన్‌లో ఇండోనేషియా ఓపెన్, అక్టోబర్‌లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బంగారం, ఆ వెంటనే ప్రపంచ నంబర్ 1. 2023 సంవత్సరానికి ఖేల్ రత్న.

ఇవన్నీ చదివితే నిచ్చెన ఎక్కినట్టే ఉంటుంది. మధ్యలో పడిన రోజులు కూడా చూడాలి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మొదటి మ్యాచ్‌లోనే చైనీస్ తైపీకి చెందిన లీ యాంగ్, వాంగ్ చి-లిన్ జోడీని ఓడించారు. ఆ జోడీయే చివరికి బంగారం గెలిచింది. బంగారం గెలిచినవాళ్లను ఓడించి, గ్రూపులో మూడింట రెండు మ్యాచ్‌లు గెలిచి కూడా మనవాళ్లు క్వార్టర్స్‌కి పోలేదు. మూడు జోడీలు సమానంగా నిలిచాయి, గేముల లెక్కలో వీళ్లు వెనకపడ్డారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో క్వార్టర్స్‌లో మొదటి గేమ్ 21-13తో గెలిచి, తర్వాత 14-21, 16-21తో మలేషియా జోడీ ఆరన్ చియా, సో వూయ్ యిక్ చేతిలో ఓడిపోయారు. 2025 ఫిబ్రవరిలో సాత్విక్ తండ్రి చనిపోయారు. అదే ఏడాది ఆగస్టులో, పారిస్‌లో అదే హాల్లో, ప్రపంచ పోటీల క్వార్టర్స్‌లో అదే మలేషియా జోడీని ఓడించి మళ్లీ కంచు తెచ్చుకున్నారు.

ఇన్నిసార్లు పడి లేవడానికి ఏం కావాలి? గుండె ధైర్యం కావాలి, నిజమే. దాంతో పాటు పడినప్పుడు పక్కన అంతే బాధ పడే మనిషి ఒకరు ఉండాలి. ఆ బాధను నువ్వు విడమరిచి చెప్పనక్కర్లేదు, అతనూ అదే కోర్టులో ఓడిపోయాడు కాబట్టి.

ఇంకా వెనక్కి వెళ్దాం. సాత్విక్ తండ్రి కాశీ విశ్వనాథం గారు పీఈటీ. తానూ షటిల్ ఆడిన మనిషి. అన్నయ్య కూడా ఆడేవాడు. అంటే ఇంట్లోనే కోచ్ ఉన్నాడు, ఇంట్లోనే తోడు ఉన్నాడు. కేరళ కన్నూరు జిల్లా చెరుపుళ అనే చిన్న ఊరి నుంచి వచ్చి గాయత్రీ గోపీచంద్‌తో డబుల్స్ ఆడుతున్న ట్రీసా జాలీని చూడండి. ఆమె తండ్రి కూడా పీఈటీయే. ఊళ్ల నుంచి వచ్చిన డబుల్స్ ఆటగాళ్ల వెనక పీఈటీలు కనపడటం మాకు కాకతాళీయం అనిపించలేదు.

సాత్విక్ 2014లో హైదరాబాద్ వెళ్లి గోపీచంద్ అకాడమీలో చేరాడు. ఆ అకాడమీ ఎలా వచ్చింది? 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన గోపీచంద్‌కి అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గచ్చిబౌలిలో స్థలం ఇచ్చింది. నిమ్మగడ్డ ప్రసాద్ అనే దాత పెద్ద మొత్తం ఇచ్చారు. 2008లో అకాడమీ మొదలైంది. అంటే సర్కారు నేల, దాత డబ్బు, కోచ్ చెమట, పీఈటీ తండ్రి, ముంబై నుంచి జోడీ, మలేషియా నుంచి కోచ్. ఇన్ని కలిస్తే ఒక స్మాష్. సాత్విక్‌ని తక్కువ చేయడానికి ఈ మాట అనట్లేదు. అతని కష్టం అతనిదే. ఆ కష్టం వృథా పోకుండా పట్టుకున్న చేతులు ఎన్నో లెక్కపెడుతున్నాం.

ఇప్పుడు మన సంగతి.

మాకు తెలిసిన తమ్ముడు ఒకడున్నాడు. పేరు రాయం, అతను చదివిన స్కూలు పేరు కూడా రాయం. ఆశ్రమ పాఠశాలలో మాకు జూనియర్. మాకంటే జానెడు ఎత్తు. వాలీబాల్‌లో గాల్లోకి లేచి కొడితే అవతల ఎవరూ ఆపలేకపోయేవాళ్లు. స్కూల్లో పీఈటీ పోస్టు మేమున్న అన్నేళ్లూ ఖాళీనే. ఆట సామాను బీరువాలో ఉండేది, తాళం ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలిసేది కాదు. అలాంటి చోట నుంచి ఒక సెలెక్షన్‌లో ఎత్తు చూసి, చేతి వేగం చూసి, పట్నంలో ఒక ట్రైనింగ్ హాస్టల్‌కి షటిల్ కోసం తీసుకున్నారు. మేమంతా సంబరపడ్డాం. ఊరంతా కలిసి జీపు ఎక్కించాం.

40 రోజులకు తిరిగొచ్చేశాడు.

ఊళ్లో అందరూ ఒకే మాట అన్నారు, "మనోళ్లకి నిలకడ ఉండదు" అని. సిగ్గుతో చెప్తున్నాం, ఆ మాట మేమూ అన్నాం. ఎందుకొచ్చావని అడిగితే "అక్కడ తిండి పడలేదు" అన్నాడు. మేము నమ్మేశాం. ఇప్పుడు జీడిమామిడి తోటల్లో పనికి పోతున్నాడు. సాయంత్రం వాలీబాల్ ఆడతాడు.

ఆత్రేయపురంలో ఆ గొడవ అయిన మర్నాడు మేము అతనికి ఫోన్ చేశాం. కోయలోనే మాట్లాడుకున్నాం. ఇన్నేళ్ల తర్వాత అసలు సంగతి చెప్పాడు. అక్కడ ప్రాక్టీసులో జోడీలు పిల్లలే ఎంచుకునేవాళ్లట. అందరూ ఒకరికొకరు ముందే తెలిసినవాళ్లు. ఇతన్ని ఎవరూ పిలిచేవాళ్లు కాదు. మిగిలిపోయినవాడు కాక్‌లు ఏరాలి. రోజూ ఏరాడు. రాత్రి పడుకునే ముందు తన భాషలో ఒక్క మాట మాట్లాడే మనిషి లేడు. హాస్టల్లో ఒకరిద్దరు అతని యాసను వెక్కిరించేవాళ్లు. చివర్లో ఇలా అన్నాడు: "నెట్టుకి అవతల ఎవరున్నా నాకు భయం లేదన్నా. ఇవతల నా పక్కన ఒకడుంటే ఉండిపోయేవాణ్ణి."

ఈ మాట విన్నాక మా నలుగురిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. రాత్రి "పట్టుదల లేదు" అని వాదించినవాడు ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లి, అతనితో ఇంకో అరగంట మాట్లాడి వచ్చాడు.

అందుకే మేము అనుకుంటున్నది ఇది. మన పిల్లల్ని ఒక్కొక్కరిగా పంపడమే తప్పు. ఆటకైనా, చదువుకైనా ఇద్దరిద్దరిని పంపాలి. ఒకే ఊరి నుంచి కాకపోతే ఒకే మండలం నుంచి, ఒకే భాష మాట్లాడేవాళ్లను. సెలెక్షన్ చేసేవాళ్లు బాగా ఆడే ఒక్కణ్ణి ఏరుకుని పోతారు. వాళ్ల లెక్కలో అది ఒక సీటు. మన లెక్కలో అది ఒక పిల్లాడి ఒంటరితనం. రెండో పిల్లాడు కాస్త తక్కువ ఆడినా ఫర్వాలేదు. మొదటివాడు నిలబడితే రెండోవాడూ నేర్చుకుంటాడు. లేకపోతే ఇద్దరికీ దక్కేది ఏమీ లేదు.

ఇది గాల్లోంచి చెప్పట్లేదు. 2014 మే 25న మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన సంగతి మనందరికీ తెలుసు, ఆమె ఫొటో మన హాస్టళ్ల గోడల మీద ఉంది. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా అదే రోజు ఎక్కాడని మనలో ఎంతమందికి గుర్తుంది? ఇద్దరూ గురుకులాల పిల్లలే. భువనగిరి గుట్ట మీద, తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ ఇప్పించి పంపారు. పూర్ణ కూడా ఒంటరిగా ఎక్కలేదు. మన గోడ మీద ఫొటోలో ఒక్కరే మిగిలారు, అంతే.

డబుల్స్‌ని చిన్నచూపు చూడటం మన దగ్గరే కాదు, బయటా ఉంది. హైదరాబాద్‌కి చెందిన గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్పతో కలిసి 2010 కామన్వెల్త్‌లో బంగారం, 2011 ప్రపంచ పోటీల్లో కంచు తెచ్చింది. అయినా డబుల్స్ ఆటగాళ్లను పట్టించుకోవట్లేదని ఆమె ఎన్నోసార్లు బహిరంగంగానే అడిగింది. కెమెరాలకు ఒక్క మొహం కావాలి. పోస్టర్‌కీ ఒక్క మొహమే కావాలి. ఆదివాసీ బతుకు మాత్రం ఎప్పుడూ ఒక్క మొహంతో నడవలేదు. పోడు కొట్టినా, ఇల్లు కప్పినా, వేటకు పోయినా పదిమంది చేయి పడితేనే పని అయ్యేది. డబుల్స్ ఆట మన స్వభావానికి దగ్గరి ఆట. అది మనకు రాకపోవడానికి కారణం మన స్వభావం కాదు.

ఇక్కడ మీరు అడగబోయే ప్రశ్నలు మాకు తెలుసు. మాలో మేమే అడుగుకున్నాం.

ఒకటి, "రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోసుకుపోతుంటే షటిల్ కోర్టు గురించి మాట్లాడతారా?" అని. న్యాయమైన ప్రశ్నే. రోడ్డు ముందు కావాలి, ఆసుపత్రి ముందు కావాలి. కానీ ఒకటి అడిగితే ఇంకొకటి అడగకూడదనే లెక్క ఎవరు పెట్టారు? పట్నం పిల్లలకు ఆసుపత్రీ ఉంది, ఇండోర్ హాలూ ఉంది. వాళ్లను ఎవరూ ఒకటే ఎంచుకోమని అనట్లేదు.

రెండు, "షటిల్ డబ్బున్నోళ్ల ఆట" అని. ఇందులో చాలా నిజం ఉంది. ఈకల కాక్‌కి 16 ఈకలు, బరువు ఐదు గ్రాముల లెక్క. గట్టిగా ఆడితే ఒకటి రెండు గేముల్లోనే పాడవుతుంది. చిన్న గాలి వచ్చినా పక్కకు పోతుంది. అందుకే దీనికి కప్పు ఉన్న, ఎత్తైన హాలు కావాలి. ఆత్రేయపురం పిల్లలు కూడా ఆరుబయట ప్లాస్టిక్ కాక్‌తోనే మొదలుపెట్టారు. మొదలుపెట్టడానికి అది చాలు. పైకి పోవడానికి మాత్రం హాలు, కోచ్ ఉండాల్సిందే. వాలీబాల్ కిట్ ఒకటి ఇచ్చి ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లను మనం ఈ మాటే అడగాలి. కిట్ వద్దనం. కిట్ తర్వాత ఎవరొస్తారో చెప్పమందాం.

మూడు, "డీఎస్సీ, కానిస్టేబుల్, గ్రూప్స్ చదువుకోక ఆటలేంటి?" అని. అందరం సాత్విక్‌లు అవుతామని మేమూ అనుకోవట్లేదు. మేము చెప్పేది కోచింగ్ సెంటర్‌కి పోయినా వర్తిస్తుంది. పట్నంలో కోచింగ్‌కి ఒంటరిగా పోయి మూడో నెలలో సంచి సర్దుకుని వచ్చేసినవాళ్లు మన ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్లకు తెలివి తక్కువై రాలేదు.

కాబట్టి మన గ్రూపు ముందు మా మాటలు మూడు పెడుతున్నాం. ఐటీడీఏకి మనం ఇచ్చే వినతిపత్రాల్లో ఇకనుంచి ఖాళీ పీఈటీ పోస్టుల మాట తప్పకుండా రాయాలి. మండలానికి ఒక కప్పున్న హాలు అడగాలి, షటిల్‌కే కాదు, వానాకాలంలో అన్ని ఆటలకీ పనికొస్తుంది. రెండోది, ఏ సెలెక్షన్ అయినా మన పిల్లల్ని ఇద్దరిగా తీసుకోమని, ఒకే గదిలో ఉంచమని రాతపూర్వకంగా అడగాలి. మూడోది ఎవరినీ అడగక్కర్లేదు, మనమే చేయొచ్చు. రాజమండ్రి, కాకినాడ, విశాఖ, విజయవాడ, హైదరాబాద్‌లో మనవాళ్లు చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. కొత్తగా ఆ ఊరొచ్చిన ఒక్కో పిల్లాడికి, ఒక్కో పిల్లకి మనలో ఒకరు పేరు రాసుకోవాలి. ఆదివారం వెళ్లి కనపడాలి. కాసేపు మన భాషలో మాట్లాడి రావాలి. దీనికి జీవో అక్కర్లేదు, బస్సు ఛార్జీ చాలు.

ఆత్రేయపురంలో మేము ప్రాజెక్టు కోసం రాసుకున్న కాగితాల్లో ఒక విషయం ఉంది. కుండ మీద గుడ్డ పరిచి రేకు తీసేది ఒకామె, దానికి నెయ్యి, బెల్లం పెట్టి చుట్టేది ఇంకొకామె. రేకు తీసే ఆమెను "మీ ఒక్కరే చేయలేరా?" అని అడిగితే నవ్వింది. "చేయొచ్చు నాయనా, రోజుకి ఎన్ని అవుతాయి?" అంది. మేము వెళ్లేటప్పుడు ఒక పెట్టె చేతిలో పెట్టింది.

ఆ పెట్టె మా తమ్ముడి ఇంటికి చేరింది. అతని చిన్న చెల్లెలు ఇప్పుడు ఏడో తరగతి. ఆమె కూడా ఎత్తే, వాలీబాల్‌లో అన్నలాగే గాల్లోకి లేస్తుందట. ఈసారి సెలెక్షన్‌కి ఆమెను పంపనని వాళ్లమ్మ గట్టిగా చెప్పింది. మేము బతిమాలలేదు. "ఆమెతో పాటు క్లాసులో ఇంకెవరు బాగా ఆడతారు?" అని మాత్రం అడిగాం. ఇద్దరి పేర్లు చెప్పింది చెల్లి. వాళ్ల ఇళ్లకు వచ్చే ఆదివారం వెళ్తున్నాం.

జై ఆదివాసీ.